ఇంటి సరకు: ధరకు ముందు కొలత తేల్చుకోవాలి

గరివిడి: మాంగనీసు ఖనిజానికి పేరుపడిన ఈ ప్రాంతంలో శాతం తేలనిదే ఖనిజానికి ధర కట్టరు. ఇంటి సరకు దగ్గరకు వచ్చేసరికి ఆ జాగ్రత్త తగ్గుతుంది. కట్టించేవారు ధర అడుగుతారు గాని, అది ఏ కొలతకో అడగరు. బిల్లు దగ్గర తగాదాకు మూలం అదే. తరచు వినవచ్చే నాలుగు మాటల అర్థం యిది.

యూనిట్: ఇసుకకు 100 ఘనపు అడుగులు. చంపావతి ఇసుకైనా, నాగావళి ఇసుకైనా కొద్దిపాటి తడికి పొంగుతుంది. అయిదారు శాతం తేమ వుంటే 20 నుంచి 30 శాతం దాకా ఎక్కువ చోటు పడుతుంది. సన్న ఇసుక మరింత పొంగుతుంది. తడి ఇసుకను యూనిట్ లెక్కన కొంటే అసలు సరకు ఆ మేరకు తక్కువ వచ్చినట్లే.

రోలింగ్ మార్జిన్: ఇనుప ఊచ బరువులో హెచ్చుతగ్గు. మిల్లీమీటర్లలో వ్యాసాన్ని దానితోనే గుణించి 162తో భాగిస్తే మీటరు బరువు కిలోలలో వస్తుంది. ఈ లెక్కన 12 మి.మీ. ఊచ 12 మీటర్లకు సుమారు 10.67 కిలోలు తూగాలి. తూకానికి కొన్నవారికి తేలిక ఊచవల్ల డబ్బు నష్టం లేదు. ఊచల లెక్కన కొన్నవారికి వున్నది.

1:2:4: సిమెంటు ఒక పాలు, ఇసుక రెండు, కంకర నాలుగు. 50 కిలోల బస్తా సుమారు ఒకటింబావు ఘనపు అడుగులు. ఆ కొలతకు పెట్టె చేయించి, బస్తాకు రెండు పెట్టెల ఇసుక, నాలుగు పెట్టెల కంకర వేయించాలి. తట్టల లెక్క నిలకడైనది కాదు.

ప్లింత్ ఏరియా: గోడల మందంతో కలిపిన విస్తీర్ణం. బయట 30, 40 అడుగుల కొలతల ఇల్లు 1,200 చదరపు అడుగులు. బయటి గోడలు 9 అంగుళాలైతే లోపల మిగిలేది సుమారు 1,097. చదరపు అడుగు ధరకు పని ఒప్పుకొనేటప్పుడు ఈ 103 అడుగులు ఎవరి లెక్కలోనివో ముందే తేలాలి.

బిల్లులోను, ఒప్పందం కాగితంలోను ధర పక్కనే కొలత రాయించడం ఉభయులకూ క్షేమం. కొలత రాసి ఇచ్చే దుకాణానికే ఖాతాదారు మళ్ళీ వస్తాడు.