పెడల్ మీద పడే బలం

హైదరాబాద్ కాటేదాన్ పారిశ్రామికవాడలో పొద్దున షిఫ్టుకు వచ్చే సైకిళ్లు ఇంకా కనబడతాయి. హ్యాండిల్‌కు టిఫిన్ డబ్బా, క్యారియర్ మీద మడతపెట్టిన గోనెసంచి. మొన్న పంక్చర్ షాపు ముందు ఆగిన ఒక పెద్దాయన వెనక టైరును బొటనవేలితో నొక్కితే లోపలికి సొట్టపోయింది. "గాలి తక్కువుంది గానీ నడుస్తది" అన్నాడు. నడుస్తుంది, నిజమే. ఆ నడవడానికి ఆయన తొడల్లో ఎంత సత్తువ ఖర్చవుతోందో కొలిచే సాధనం జర్మనీలో పుట్టింది.

సైకిల్ తొక్కేవాడి శ్రమ ఎంతన్నది అక్కడ పాత ప్రశ్నే. 1899లోనే లియో జుంట్స్ సైకిల్ తొక్కేవారి ఊపిరిని కొలిచి, వాళ్ల ఒంట్లో ఖర్చయ్యే శక్తి మీద బెర్లిన్‌లో పుస్తకం వేశారు. అయితే రోడ్డు మీద పోతుండగానే కాలి బలాన్ని కొలవడం చాలా కాలం కుదరలేదు. వేగాన్ని నమ్మలేం, వెనకగాలి వీస్తే అది ఊరికే పెరుగుతుంది. గుండె వేగాన్నీ పూర్తిగా నమ్మలేం. ఎండ ముదిరినా, రాత్రి నిద్ర లేకపోయినా అది మారిపోతుంది.

1986లో ఊలీ షోబెరర్ అనే ఇంజనీరు ఈ ముడి విప్పారు. ఆయన స్థాపించిన ఎస్ఆర్ఎం సంస్థ యూలిష్ పట్టణానిది. ఆయన ఉపాయం వినడానికి చాలా చిన్నది. పెడల్ తొక్కినప్పుడల్లా క్రాంకు దగ్గరి లోహం కంటికి కనబడనంత కొద్దిగా వంగుతుంది. అక్కడ సన్నని లోహపు తీగ పట్టీలు అతికిస్తే, ఆ వంపుకు వాటిలో విద్యుత్ నిరోధం మారుతుంది. ఆ మార్పును బట్టి తిప్పే బలం ఎంతో తెలుస్తుంది. దాన్ని పెడల్ తిరిగే వేగంతో గుణిస్తే వాట్లు వస్తాయి. అమెరికా రేసర్ గ్రెగ్ లెమాండ్ లాంటివాళ్లు ఈ మీటరును తొలినాళ్లలోనే వాడారు. ఇప్పుడు వాట్లు చూసుకోకుండా సాధన చేసే పెద్ద రేసర్ అరుదు.

ఈ లెక్క రేసర్లకంటే కాటేదాన్ కార్మికుడికే ఎక్కువ అవసరమని నేను అనుకుంటాను. 60 కిలోల మనిషి, 22 కిలోల సైకిలు, చదును రోడ్డు, గంటకు 15 కిలోమీటర్ల వేగం అనుకుందాం. దానికి సుమారు 55 వాట్లు చాలు. ఇంట్లో సీలింగ్ ఫ్యానుకే 75 పడతాయి. టైరు మెత్తబడి రోడ్డు రాపిడి రెట్టింపయితే ఇంకో 25 వాట్లకు పైగా కలుస్తాయి. గంటకు 10 కిలోమీటర్ల ఎదురుగాలి వీస్తే మరో 45. రెండూ ఒకేరోజు వచ్చాయంటే అదే రోడ్డు మీద, అదే వేగానికి, శ్రమ రెండింతలు దాటుతుంది. ఇంటికి చేరాక పిక్కలు పీకేస్తున్నాయంటే అది వయసు తప్పే కానక్కర్లేదు.

తిండి లెక్క కూడా ఇందులోనే దొరుకుతుంది. మనం తిన్నదాంట్లో పావు వంతుకు కాస్త తక్కువే పెడల్‌కు చేరుతుంది, మిగతాది వేడిగా పోయి చెమట పట్టిస్తుంది. 55 వాట్లతో గంట తొక్కితే 200 కేలరీల చిల్లర, అంటే రెండు మూడు పుల్కాలు. టైరు మెత్తగా ఉంటే ఇంకో పుల్కా దానికే పోతుంది.

ఎండలో ఆ చెమట ఇంకా ఎక్కువ. అయితే హైదరాబాద్‌లో సైకిళ్లకు నీడ లేకపోలేదు. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన నానక్‌రామ్‌గూడ, కొల్లూరు వైపు 23 కిలోమీటర్ల ట్రాక్ మీద సోలార్ పలకల పైకప్పు వేసి 2023 అక్టోబరులో తెరిచారు. చక్కని పని. అలాంటి నీడ ఆరాంఘర్ నుంచి శంషాబాద్ దాకా, బతుకుతెరువు కోసం తొక్కేవాళ్లకు కూడా కావాలి.

షాపతను గాలి కొట్టాక పెద్దాయన మళ్లీ నొక్కి చూశాడు. వేలు దిగలేదు. ఆయన సీటు బాగా కిందికి ఉంది. సీటు మీద కూర్చుని, కిందికొచ్చిన పెడల్ మీద మడమ ఆనిస్తే కాలు నిటారుగా సాగాలి. అప్పుడు తొక్కేటప్పుడు మోకాలు కొంచెమే వంగుతుంది, బలం వృథా పోదు. ఆ మాటే చెప్పి సీటు రెండు వేళ్లు పైకి ఎత్తించుకోమన్నాను. తల అడ్డంగా ఊపాడు. "లారీ పక్కకొస్తే కాలు కింద ఆనాలె గద సార్" అన్నాడు.