బ్లాగు రాతలకు గ్రంథాలయంలో చోటెక్కడ?

కళాశాల గ్రంథాలయంలో కంప్యూటరు ముందు కూర్చుని ఒక విషయంపై వెతికే విద్యార్థికి పుస్తకాలు, పత్రికా వ్యాసాలు, సిద్ధాంత గ్రంథాలు లభిస్తాయి. అదే విషయంపై ఒక నిపుణుడు తన బ్లాగులో రాసిన నాలుగు పేజీల విమర్శ మాత్రం సాధారణంగా కనిపించదు. గ్రంథాలయాల పరిశోధన డేటాబేసులు చాలాకాలం బ్లాగులను సొంత కబుర్ల కింద జమకట్టి పక్కన పెట్టడమే అందుకు కారణం. అయితే అలా పక్కన పెట్టిన రాతే అచ్చయిన వ్యాసంలోని లోపాన్ని ముందుగా పట్టుకున్నదైతే ఏమిటన్నది ప్రశ్న.

అలాంటి ఉదంతం ఒకటి ఉంది. కాలిఫోర్నియాలోని మోనో సరస్సులో దొరికిన ఒక సూక్ష్మజీవి భాస్వరానికి బదులు విషపదార్థమైన ఆర్సెనిక్‌ను తన డీఎన్‌ఏలో ఇముడ్చుకోగలదని 2010 డిసెంబరులో ‘సైన్స్’ పత్రికలో వ్యాసం వెలువడింది. నాసా విలేకరుల సమావేశం పెట్టి మరీ ఈ సంగతి చాటింది. రెండు రోజులు తిరిగేసరికి కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త రోజీ రెడ్‌ఫీల్డ్ తన బ్లాగులో ఆ ప్రయోగాన్ని వరుసగా తప్పుపట్టారు. డీఎన్‌ఏను సరిగా శుద్ధి చేయలేదని, సూక్ష్మజీవులను పెంచిన ద్రావణంలోనే భాస్వరం ఆనవాళ్లు ఉన్నాయని ఆమె వాదన. అచ్చు పత్రికలో విమర్శలు రావడానికి దాదాపు ఆరు నెలలు పట్టింది. 2012లో ఆమె బృందం చేసిన ప్రయోగ ఫలితాలనూ ‘సైన్స్’ పత్రికే ప్రచురించింది. చివరకు 2025 జులైలో, రచయితలు అంగీకరించకపోయినా, పత్రిక మొదటి వ్యాసాన్ని ఉపసంహరించుకుంది. బ్లాగులో రెండు రోజులకు మొదలైన చర్చ పత్రికలో ముగియడానికి పద్నాలుగేళ్లు దాటింది. డేటాబేసులో 2010 నాటి వ్యాసం ఒక్కటే చదివినవారికి ఆ చర్చ ఎక్కడ పుట్టిందో తెలియదు.

వ్యాఖ్యల్లోనే నిరూపణ

గణితంలో సంగతి ఇంకా విచిత్రం. కేంబ్రిడ్జి ఆచార్యుడు తిమోతీ గోవర్స్ 2009 జనవరిలో ఒక కఠిన సమస్యను తన బ్లాగులో ఉంచి, ఎవరైనా వచ్చి చేయి వేయవచ్చని ఆహ్వానించారు. టెరెన్స్ టావో వంటి ఉద్దండులతోపాటు పాఠశాల ఉపాధ్యాయులూ వ్యాఖ్యలు రాశారు. సుమారు ఏడు వారాల్లో దారి దొరికింది. ‘పాలీమాథ్’ అనే ఉమ్మడి పేరుతో ఆ నిరూపణ 2012లో ‘ఆనల్స్ ఆఫ్ మేథమేటిక్స్’ పత్రికలో అచ్చయింది. డేటాబేసులో దొరికేది ఈ వ్యాసమే. ఎవరి ఊహ ఎక్కడ బెడిసికొట్టింది, ఎవరు దాన్ని సరిదిద్దారు అన్నదంతా బ్లాగు వ్యాఖ్యల్లోనే ఉంది. కనుక బ్లాగును చేర్చుకునేటప్పుడు పైనున్న టపాను మాత్రమే తీసుకుని కింది వ్యాఖ్యలను వదిలేస్తే సగం పని కూడా కానట్టే.

బ్లాగులో ఎవరైనా ఏమైనా రాయవచ్చు, తోటి నిపుణుల పరిశీలన ఉండదు, అలాంటివి గ్రంథాలయానికెందుకు అన్న అభ్యంతరం ఉంది. ఇది కొట్టివేయదగినది కాదు. అయితే అచ్చయిన ప్రతి పుస్తకాన్నీ గ్రంథాలయం కొనదు కదా! ఏరుకోవడం గ్రంథపాలకుల వృత్తిలోనే ఉంది. అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2007 నుంచి న్యాయశాస్త్ర బ్లాగులను ఎంపిక చేసి భద్రపరిచింది. లెక్సిస్‌నెక్సిస్ వంటి వాణిజ్య డేటాబేసులూ ఎంచిన బ్లాగులను లైసెన్సుపై చేర్చుకున్నాయి. 2023లో మొదలైన ‘రోగ్ స్కాలర్’ అనే సేవ విద్వత్ బ్లాగుల టపాలకు, పత్రికా వ్యాసాలకు ఇచ్చినట్టే, డీఓఐ అనే శాశ్వత గుర్తింపు సంఖ్యను ఇస్తోంది.

అసలు చిక్కు మరోచోట ఉంది. పుస్తకం ఒకసారి అచ్చయితే మారదు. బ్లాగు టపాను రచయిత రాత్రికి రాత్రి దిద్దవచ్చు, తీసివేయనూ వచ్చు. అందువల్ల డేటాబేసులో కేవలం చిరునామా పెడితే చాలదు. ఫలానా తేదీన ఆ పుట ఎలా ఉన్నదో నకలు తీసి, తేదీ వేసి ఉంచాలి. ఆ నకలుకు కాపీహక్కుదారైన రచయిత అనుమతి కావాలి. చిరునామాలను నమ్ముకుంటే ఏమవుతుందో హార్వర్డ్ పరిశోధకులు 2014లో చూపారు. అమెరికా సుప్రీంకోర్టు తీర్పుల్లో ఉటంకించిన వెబ్ చిరునామాల్లో దాదాపు సగం, ఉదహరించిన సమాచారాన్ని చూపడం లేదని వారు తేల్చారు. కోర్టు తీర్పులకే ఈ గతి పడితే విద్యార్థి సిద్ధాంత గ్రంథం సంగతి చెప్పనక్కర్లేదు.

మన దగ్గర...

బ్రిటన్‌లో 2013 ఏప్రిల్ నుంచి అక్కడి వెబ్ పుటలను సేకరించే హక్కు నిర్ణీత గ్రంథాలయాలకు చట్టబద్ధంగా దక్కింది. మన దేశంలో 1954 నాటి చట్టం ప్రకారం ప్రచురణకర్తలు కోల్‌కతా, చెన్నై, ముంబయి, ఢిల్లీ గ్రంథాలయాలకు ప్రతులు పంపాలి. అది అచ్చు పుస్తకాలు, పత్రికల కోసం రాసిన చట్టం. ప్రభుత్వ విద్యాసంస్థల కోసం 2025 జనవరిలో ఆరంభమైన ‘ఒకే దేశం-ఒకే చందా’ పథకంతో సుమారు 13 వేల పత్రికలు విద్యార్థులకు చేరువయ్యాయి. అదీ పత్రికలకు ఉద్దేశించినదే.

తెలుగులో 2005 తరువాత బ్లాగులు వెల్లువెత్తాయి. గ్రామ చరిత్రలు, మాండలిక పదాలు, పాత సినిమాల వివరాలు, వ్యాకరణ చర్చలు ఎన్నో వాటిలోకి ఎక్కాయి. వాటిలో పుస్తకంగా వచ్చినవి కొద్ది. కూడలి, జల్లెడ వంటి సంకలినులు కొత్త టపాలను ఒకచోట చూపి పాఠకులను అక్కడికి పంపాయి. దారి చూపడమే వాటి పని, దాచిపెట్టడం కాదు. స్థానిక చరిత్రపై పరిశోధన చేసేవారికి ఈ రాతలు ఎంతగా పనికొస్తాయో వేరే చెప్పనక్కర్లేదు.

ఇంటర్నెట్ ఆర్కైవ్ సంస్థ వేబ్యాక్ మెషీన్‌లో పుట చిరునామా ఇస్తే ఆనాటి నకలును ఉచితంగా భద్రపరుస్తుంది. బ్లాగర్, వర్డ్‌ప్రెస్‌లలో రాసేవారు తమ టపాలన్నింటినీ వ్యాఖ్యలతో సహా ఒకే ఫైలుగా దించుకోవచ్చు. అయితే సేవ నడుస్తున్నంత కాలమే ఆ వీలు. టైప్‌ప్యాడ్ అనే పాత బ్లాగు సేవ తాను మూతపడుతున్నట్లు 2025 ఆగస్టులో ప్రకటించింది. రాతలను దించుకునేందుకు సెప్టెంబరు 30 వరకు గడువిచ్చింది.