పీపీఎల్ చివరి యూనిట్ వదిలేస్తున్నారా? ప్రోలాగ్‌ని మీ ఫోన్‌లోనే ఇలా నడపండి

ఫ్రెండ్స్, ఈసారి కొత్త ఫోన్ రివ్యూ కాదు. చేతిలో ఉన్న ఫోన్‌తోనే అయ్యే పని గురించి.

నిజామాబాద్ చుట్టుపక్కల బీటెక్ సీఎస్‌ఈ చదివేవాళ్లలో చాలామందిది జేఎన్టీయూ హైదరాబాద్ సిలబస్. ఆర్18లో ‘ప్రిన్సిపుల్స్ ఆఫ్ ప్రోగ్రామింగ్ లాంగ్వేజెస్’ ఎలక్టివ్‌గా ఉంది, మనం పీపీఎల్ అనేది దాన్నే. టెక్స్ట్‌బుక్ సెబెస్టాది. ఫంక్షనల్ ప్రోగ్రామింగ్, లాజిక్ ప్రోగ్రామింగ్ రెండూ చివరి యూనిట్‌లో పక్కపక్కనే పడ్డాయి. చివరి యూనిట్ అంటే తెలుసు కదా, టైమ్ అయిపోతుంది, రెండు డెఫినిషన్లు బట్టీ పట్టి పరీక్షకి వెళ్లిపోతాం. నా లెక్కలో ఆ సబ్జెక్ట్ మొత్తంలో అసలు సరుకు ఉన్నది అక్కడే. పైగా రన్ చేసి చూడకపోతే అస్సలు ఎక్కని యూనిట్ కూడా అదే.

ఇవి మ్యూజియంలో పెట్టే భాషలు అనుకోకండి. మీరు రోజూ వాడే వాట్సాప్ సర్వర్లు ఎర్లాంగ్ అనే ఫంక్షనల్ భాషలో రాసినవి. 2012లోనే ఒక్క సర్వర్ మీద 20 లక్షలకు పైగా కనెక్షన్లు నిలబెట్టామని వాట్సాప్ ప్రకటించింది. ఇంకో తమాషా ఏంటంటే, ఎరిక్సన్‌లో పుట్టిన ఆ ఎర్లాంగ్‌కి మొదటి రూపం రాసింది ప్రోలాగ్‌లో. సిలబస్‌లో రెండూ పక్కపక్కన ఉండటం ఊరికే కాదన్నమాట.

ముందు ఫంక్షనల్ సంగతి చూద్దాం. బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌లో మూతపడినా, చెరకు బండి కాంటా ఎలా వేస్తారో ఆ వైపు ఊళ్లలో అందరికీ తెలుసు. లోడ్‌తో ఒకసారి, ఖాళీ చేశాక ఒకసారి తూకం. చీటీ మీద అంకె ఒకసారి పడితే దాన్ని చెరిపి రాయరు, తేడా వస్తే కొత్త చీటీ ఇస్తారు. ఇమ్యూటబుల్ డేటా అంటే సరిగ్గా ఇదే.

ఒక రైతువి మూడు లోడ్లు అనుకుందాం. లోడ్‌తో 31, 29, 33 టన్నులు. ఖాళీ బండి 11, 10, 12. ప్రతి చీటీకి తీసివేత చేస్తే 20, 19, 21 వస్తాయి, అది మ్యాప్. వాటిని కలిపితే 60, అది ఫోల్డ్. ఫంక్షన్ తన ఇన్‌పుట్ తప్ప బయట దేన్నీ ముట్టుకోలేదు కాబట్టి ఎన్నిసార్లు నడిపినా 60 టన్నులే. అదే ‘మొత్తం’ అని బయట ఒక వేరియబుల్ పెట్టి లూప్‌లో కలుపుతూ పోయారనుకోండి, పొరపాటున కోడ్ రెండోసారి నడిస్తే 120 టన్నులు అవుతుంది. మిల్లు రెండింతలు కట్టాలి!

ఆండ్రాయిడ్‌లో జెట్‌ప్యాక్ కంపోజ్ నేర్చుకునేవాళ్లకి ఇది నేరుగా తగిలే విషయం. 2021 జులైలో 1.0 వచ్చిన ఈ టూల్‌కిట్‌లో స్క్రీన్ అంటే డేటా నుంచి వచ్చే ఒక ఫంక్షన్. ఆ ఫంక్షన్‌ని కంపోజ్ ఎప్పుడైనా, ఎన్నిసార్లైనా మళ్లీ పిలుస్తుంది. లోపల బయటి లెక్కని మార్చే కోడ్ పెడితే మీ యాప్ కూడా 120 టన్నులే చూపిస్తుంది.

ఇక ప్రోలాగ్. 1972 ప్రాంతంలో ఫ్రాన్స్‌లోని మార్సెయ్‌లో అలెన్ కోల్మెరార్ బృందం చేసిన భాష. ఇందులో ‘ఎలా చెయ్యాలో’ చెప్పం, ‘ఏది నిజమో’ చెప్తాం. మన రైల్వే లైన్లనే తీసుకుందాం (మధ్యలో చిన్న స్టేషన్లు వదిలేశా):

లైను(కామారెడ్డి, నిజామాబాద్).
లైను(నిజామాబాద్, జానకంపేట).
లైను(జానకంపేట, బోధన్).
లైను(జానకంపేట, బాసర).

చేరు(_క, _గ) :- లైను(_క, _గ).
చేరు(_క, _గ) :- లైను(_క, _మ), చేరు(_మ, _గ).

మొదటి నాలుగూ ఫ్యాక్ట్స్, కింది రెండూ రూల్స్. నేరుగా లైను ఉంటే చేరొచ్చు, లేదా మధ్యలో ఒక ఊరికి లైను ఉండి అక్కడి నుంచి చేరగలిగినా చేరొచ్చు. ప్రోలాగ్‌లో వేరియబుల్ క్యాపిటల్ లెటర్‌తోనో అండర్‌స్కోర్‌తోనో మొదలవ్వాలి. తెలుగులో క్యాపిటల్స్ లేవు కదా, అందుకే అండర్‌స్కోర్ పెట్టాను.

ఇప్పుడు చేరు(కామారెడ్డి, _ఎక్కడ) అని అడిగితే నిజామాబాద్, జానకంపేట, బోధన్, బాసర వరుసగా వస్తాయి. అదే కోడ్‌ని తిప్పి చేరు(_ఎక్కడ, బోధన్) అని అడగండి. బోధన్‌కి ఎక్కడెక్కడి నుంచి రావొచ్చో చెప్తుంది: జానకంపేట, కామారెడ్డి, నిజామాబాద్. ఒక్క లైన్ కూడా మార్చలేదు! జావాలో అయితే రెండో ప్రశ్నకి ఇంకో మెథడ్ రాయాల్సి వచ్చేది. యూనిఫికేషన్, బ్యాక్‌ట్రాకింగ్ అని డెఫినిషన్లు రాస్తామే, వాటి పని ఇక్కడ కళ్ల ముందు కనిపిస్తుంది.

అంతా బాగుంది అనుకోకండి, ఇక్కడో గోతి ఉంది. చివరి రూల్‌లో చేరు(_క, _మ) ముందు, లైను(_మ, _గ) వెనక పెట్టి చూడండి. లాజిక్ ప్రకారం రెండూ ఒకటే. కానీ ప్రోలాగ్ ఎడమ నుంచి కుడికి వెళ్తుంది కాబట్టి, జవాబులన్నీ ఇచ్చాక కూడా తనని తానే పిలుచుకుంటూ పోయి, స్టాక్ నిండి ఎర్రర్ కొడుతుంది. రైలు రెండు వైపులా నడుస్తుంది కదా అని తిరుగు లైన్లు కలిపితే, కోడ్ సరైన వరుసలో ఉన్నా అదే ఊళ్లు మళ్లీ మళ్లీ వస్తూనే ఉంటాయి. దీనికి ఎస్‌డబ్ల్యూఐ ప్రోలాగ్‌లో టేబులింగ్ ఉంది. ఒకసారి దొరికిన జవాబుని గుర్తుపెట్టుకుని ఆ సుడి ఆపేస్తుంది. ‘ఏది నిజమో చెప్తే చాలు’ అనే మాట ఎంతవరకు నిజమో ఈ ఒక్క ప్రయోగంతో తెలిసిపోతుంది.

సెటప్‌కి ల్యాప్‌టాప్ అక్కర్లేదు. ఎఫ్-డ్రాయిడ్ నుంచి టర్మక్స్ వేసుకుని, అందులో ఎస్‌డబ్ల్యూఐ ప్రోలాగ్ ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేయండి. ఫ్లాగ్‌షిప్ ఫోన్ కూడా అవసరం లేదు, ఈ సైజు ప్రోగ్రామ్‌లకి బడ్జెట్ ఫోన్ చాలు. ఒక్కటే చిరాకు, టర్మక్స్ స్క్రీన్ మీద తెలుగు ఒత్తులు విడిపోయి కనిపించొచ్చు. ప్రాక్టీస్ ఇంగ్లిష్ అక్షరాలతో చేసుకోండి, పైన తెలుగులో రాసింది చదవడానికి హాయిగా ఉంటుందని. ఇన్‌స్టాల్ గొడవే వద్దనుకుంటే బ్రౌజర్‌లో స్విష్ ఓపెన్ చేసి అక్కడే రన్ చేయొచ్చు.

ఫంక్షనల్ వైపు లోతుగా వెళ్లాలంటే చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్‌కి చెందిన మాధవన్ ముకుంద్, ఎస్.పి. సురేష్ చెప్పిన హాస్కెల్ కోర్సు ఎన్‌పీటీఎల్‌లో ఉంది, వీడియోలు ఫ్రీ. పరీక్షకి వారమే ఉంటే మాత్రం హాస్కెల్ జోలికి వెళ్లకండి. పైన ఇచ్చిన ఆరు లైన్లు టైప్ చేసి, తిరుగు లైన్లు కూడా కలిపి, ఎక్కడ తిరుగుడు మొదలవుతుందో ట్రేస్ ఆన్ చేసి చూడండి.