నాన్న కళ్లు తెరిచాకే అసలు పని మొదలు

ఫైనల్ ఇయర్. సోమవారం క్యాంపస్ డ్రైవ్. శనివారం రాత్రి ఇబ్రహీంపట్నం నుంచి మైలవరం వస్తుంటే నాన్న బైకును లారీ రాసుకుపోయింది. 108లో బెజవాడ తీసుకెళ్లారు. ఆదివారం పొద్దున డాక్టర్ బయటికొచ్చి 'కోమాలో ఉన్నారు, ఇప్పుడే ఏమీ చెప్పలేం' అన్నారు.

ఇది ఊహే. కానీ మైలవరం మీదుగా 30వ నంబరు జాతీయ రహదారి పోతుంది. నందిగామ, జగ్గయ్యపేటల మీదుగా 65వ నంబరు రహదారి. ఈ చుట్టుపక్కల చదువుకునే ఎవరింటికైనా ఇలాంటి ఫోన్ రావచ్చు. వచ్చినప్పుడు మనవాళ్లు రెండు రకాలుగా ఆలోచిస్తారు. చదువూ ఉద్యోగమూ వదిలేసి ఐసీయూ ముందు కూర్చోవాలని కొందరు. డాక్టర్లు చూసుకుంటారు, మనం చేసేదేముందని ఇంకొందరు. రెండూ సరికాదు. ఇంట్లోవాళ్లు చేయాల్సింది చాలానే ఉంటుంది, అది నెలల తరబడి ఉంటుంది. అందుకే ఒక్కరే మోయకూడదు.

ముందు సినిమా కోమాను మర్చిపోండి. వేలు కదలడం, కళ్లు తెరవడం, పేరు పెట్టి పిలవడం అన్నీ ఒకే సీన్‌లో అయిపోవు. 1974లో గ్లాస్గోలో టీస్‌డేల్, జెన్నెట్ అనే ఇద్దరు వైద్యులు ఒక కొలమానం తయారుచేశారు. కళ్లు తెరవడానికి 4, మాటకు 5, కదలికకు 6, మొత్తం 15 మార్కులు. ఏ స్పందనా లేకపోయినా 3 వస్తాయి. 8 లేదా అంతకన్నా తక్కువైతే కోమాగా లెక్కేస్తారు. 'ఈరోజు స్కోరెంత? ఏ భాగంలో పెరిగింది?' అని డాక్టర్‌ని అడగండి. 'ఎలా ఉన్నారు?' అనే ప్రశ్నకు వచ్చే జవాబు కన్నా ఇది స్పష్టంగా ఉంటుంది. కోమా సాధారణంగా కొన్ని వారాలకు మించదు. ఆ తర్వాత కొందరు కోలుకుంటారు. కొందరు కళ్లు తెరిచినా చుట్టూ ఏం జరుగుతోందో తెలియని స్థితిలో ఉండిపోతారు. కొందరు దక్కరు. ఈ మాట ఇంట్లో ఎవరో ఒకరు ధైర్యంగా విని, మిగతావాళ్లకి చెప్పాలి.

మనకు తెలిసిన ఉదాహరణ సాయిధరమ్ తేజ్. 2021 సెప్టెంబరు 10న హైదరాబాద్‌లో బైకు జారి పడి స్పృహ కోల్పోయారు. అక్టోబరు 15న, తన పుట్టినరోజునే, ఇంటికి చేరారు. అక్కడితో అయిపోలేదు. మాట తడబడిందని, మళ్లీ నేర్చుకోవాల్సి వచ్చిందని తర్వాత ఆయనే చెప్పారు. 'విరూపాక్ష' విడుదలయ్యేసరికి 2023 ఏప్రిల్ వచ్చింది. వయసు, వసతులు, వెంటనే అందిన వైద్యం అన్నీ ఉన్నా అంతకాలం పట్టింది.

అమెరికాలో టెర్రీ వాలిస్‌ది ఇంకో రకం కథ. 1984లో ప్రమాదం జరిగేనాటికి ఆయన కూతురు నెలల పసికందు. కొన్నాళ్లకు కోమా వీడినా మాటా పలుకూ లేకుండా 19 ఏళ్లు ఉండిపోయారు. ఇంట్లోవాళ్లు మాత్రం వారాంతాల్లో కేంద్రం నుంచి ఇంటికి తీసుకొచ్చేవారు, నలుగురిలో కూర్చోబెట్టేవారు. 2003లో ఒకరోజు 'అమ్మా' అన్నారు. అప్పటికీ అధ్యక్షుడు రీగనే అనుకుంటున్నారు. ఇది చాలా అరుదు. మీకూ ఇలాగే జరుగుతుందని చెప్పడానికి కాదు. కోలుకున్నాక కూడా మనిషి కాలం తెలియక తికమక పడతారని తెలియడానికి.

మరి మంచం పక్కన మీరు చేయగలిగింది? మాట్లాడటం. 2015లో అమెరికా పరిశోధకులు తలకు దెబ్బతగిలి స్పృహ సరిగా లేని 15 మందిని పరీక్షించారు. కొందరికి కుటుంబసభ్యుల గొంతుతో పాత సంగతులు రికార్డు చేసి రోజుకు నాలుగుసార్లు, ఆరు వారాలు వినిపించారు. వాళ్లలో మెరుగుదల త్వరగా కనిపించింది. పదిహేను మందే కాబట్టి దీన్ని మందులా చూడొద్దు. కానీ ఖర్చులేని పని కదా! మామిడి తోట కాపు సంగతి, చెల్లి మార్కులు, మీరు చిన్నప్పుడు సైకిల్ మీంచి పడ్డ రోజు... ఫోన్‌లో రికార్డు చేసి, నర్సును అడిగి వినిపించండి. ఒకసారి ఒక్కరే మాట్లాడాలి. గంటల తరబడి వద్దు.

ఇంకోటి. 2024లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో, చెప్పిన మాటకు పైకి ఏ స్పందనా చూపని 241 మందిలో దాదాపు నాలుగో వంతు మంది మెదడు ఆ మాటను అనుసరిస్తున్నట్టు పరికరాల్లో తేలింది. కాబట్టి మంచం దగ్గర నిలబడి బిల్లు ఎంతయింది, పొలం అమ్ముదామా అని మాట్లాడుకోకండి. బంధువులకూ ఈ మాట చెప్పాల్సింది మీరే. పెద్దమ్మకు చెప్పడం కష్టమే, తెలుసు!

వార్డులోకి మార్చాక పుండ్లు పడకుండా పక్క మార్చాలి, సాధారణంగా రెండు గంటలకోసారి. కీళ్లు బిగుసుకోకుండా ఫిజియోథెరపిస్టు చూపించినట్టు కదిలించాలి. ఇవన్నీ అమ్మ ఒక్కతే చేస్తే నెల తిరిగేసరికి ఆమే మంచం పడుతుంది. అమ్మ, మీరు, తమ్ముడు, బాబాయి షిఫ్టులు వేసుకోండి. ఒక నోట్‌బుక్ పెట్టి ఎవరు ఎప్పుడు ఏం చేశారో, నాన్న ఏం చేశారో రాయండి. 'ఎడమ చెయ్యి బిగించారు, రాత్రి 9' అని రాసిన చిన్న వాక్యం పొద్దున రౌండ్స్‌లో డాక్టర్‌కి పనికొస్తుంది. మెలకువ వచ్చాక నాన్న తిట్టవచ్చు, మిమ్మల్ని గుర్తుపట్టకపోవచ్చు, ట్యూబు పీక్కోవచ్చు. అది దెబ్బతిన్న మెదడు పని, ఆయన కోపం కాదు. 'నాన్నా, ఇది బెజవాడ ఆస్పత్రి, ఇవాళ బుధవారం' అని చిన్న మాటల్లో చెబుతూ ఉండండి.

డబ్బు సంగతి మొదటి వారంలోనే చూడాలి. రోడ్డు ప్రమాదమైతే ఎఫ్‌ఐఆర్ నకలు తీసుకోండి. 2025 నుంచి అమల్లో ఉన్న కేంద్ర పథకం కింద ప్రమాదం జరిగిన రోజు నుంచి ఏడు రోజులు, రూ.1.5 లక్షల దాకా నగదు కట్టకుండా చికిత్స పొందవచ్చు. తర్వాతి చికిత్సకు ఆస్పత్రిలోని ఎన్టీఆర్ వైద్య సేవ డెస్క్‌లో అడగండి. మంచానికే పరిమితమైపోతే రాష్ట్రంలో నెలకు రూ.15 వేల పింఛను ఉంది, వైకల్య ధ్రువపత్రం కావాలి. నాన్న ఒక్కరి పేరున్న బ్యాంకు ఖాతాలో డబ్బు మాత్రం అంత సులువుగా రాదు. కోమాలో ఉన్నవారి తరఫున సంరక్షకులను నియమించడానికి మనకు ప్రత్యేక చట్టం లేదు, హైకోర్టుకు వెళ్లాల్సి వస్తుంది. 2019లో కేరళ హైకోర్టు దీనిపై మార్గదర్శకాలు ఇచ్చింది. ఈ వాక్యం చదివిన రోజే ఇంట్లో ఒక ఉమ్మడి ఖాతా ఉందో లేదో కనుక్కోండి.

ఇక కాలేజీ. జేఎన్‌టీయూ అనుబంధ కళాశాలల్లో సాధారణంగా 75 శాతం హాజరు కావాలి. 65 దాటితే సరైన కారణంతో కళాశాల కమిటీ మినహాయింపు ఇవ్వొచ్చు. దాని కింద అయితే కష్టం. అందుకని ఆస్పత్రి అడ్మిషన్ కాగితం నకలుతో ముందే హెచ్‌ఓడీని కలవండి. మైలవరం నుంచి బెజవాడ సుమారు 40 కిలోమీటర్లు. పగలు క్లాసు, రాత్రి షిఫ్టు రోజూ అయితే నిలవలేరు, వారంలో రాత్రులు పంచుకోండి.

కొన్ని నెలలు పోతే రెజ్యూమెలో గ్యాప్ వస్తుంది. దాచొద్దు. ఇంటర్వ్యూలో అడిగితే రెండు వాక్యాలు చాలు: 'నాన్నగారికి ప్రమాదం జరిగింది. ఆరు నెలలు ఆయన్ను చూసుకుంటూ రాత్రుళ్లు ఈ కోర్సు పూర్తిచేశాను.' పూర్తిచేసి ఉంటేనే సుమా! కన్నీళ్లు, వివరాలు వద్దు.

ఆ సోమవారం డ్రైవ్ మాటంటారా? ఆదివారమే ప్లేస్‌మెంట్ ఆఫీసర్‌కి ఫోన్ చేయండి. వేరే స్లాటు గానీ, ఆన్‌లైన్ రౌండు గానీ కుదురుతుందేమో అడగండి. కుదరకపోతే, ఆ ఉదయం మూడు గంటలు బాబాయిని ఐసీయూ దగ్గర కూర్చోబెట్టి వెళ్లి రాసి రండి. నాన్న ఫోన్ చార్జర్, ఆధార్ కార్డు మాత్రం బాబాయికి ఇచ్చి వెళ్లండి, అవి ఎప్పుడు అడుగుతారో తెలియదు.