యంత్రగానమునందుఁ గర్తృవిచారము

ఇటీవల “యంత్రము పాడినది” యను ప్రయోగము పత్రికలయందు విరివిగాఁ గానవచ్చుచున్నది. ఇది సాధువా యను ప్రశ్న వైయాకరణులకుఁ గ్రొత్తది కాదు. క్రియయందు స్వతంత్రుఁడు కర్త. క్రియాసిద్ధికి మిక్కిలి సాధకమైనది కరణము. అయినను, వంటవాఁడు వండుచుండఁగా “కట్టెలు వండుచున్నవి”, “కుండ వండుచున్నది” యని వ్యవహరించుట కలదు. వివక్షచేఁ గరణమునకును, అధికరణమునకును గూడఁ గర్తృత్వము సిద్ధించును. కాని యట్టి కర్తకుఁ గూలి నీయరు. అన్నము మాడినచోఁ గుండను దండింపరు. యంత్రగానమున నిపుడు ధనమును, అపరాధమును రెండును విచారణకు వచ్చినవి. కావున వాస్తవకర్తృనిర్ణయ మావశ్యకము.

కృత్రిమమేధ సంగీతమునందు మూఁడువిధములఁ బ్రవర్తించుచున్నది.

మొదటిది శోధనము. ఆంగ్లదేశపు బీటిల్సు గాయకులలో నొకఁడైన జాన్ లెనన్ 1980లో మరణించెను. అంతకుముందతఁడు క్యాసెట్టునఁ బాడియుంచిన యొకపాటలోఁ గంఠమును, పియానోధ్వనియుఁ గలసిపోయి యుండెను. యంత్రము వానిని వేఱుపఱుపఁగా, “నౌ అండ్ దెన్” అను నాగీతము 2023 నవంబరులో వెలువడెను. ఇచట గాయకుఁడే కర్త. యంత్రము జల్లెడవంటి కరణము.

రెండవది కంఠారోపణము. ఒకగాయకుని పూర్వధ్వనిముద్రణములనుండి యాతని నాదగుణమును యంత్రము గ్రహించి, అన్యుఁడు పాడినపాటకు నారోపించును. స్వరము, కాలము, ఉచ్చారణము అన్యునివి, నాదము మొదటివానిది. ఇందుఁ బాడినవాఁడు కర్త, పాడించినవాఁడు ప్రయోజకకర్త. మఱి కంఠము గలవాఁడో? అతఁడు క్రియతో నన్వయింపఁడు. “ఫలానివాని కంఠము” అను షష్ఠిచే స్వస్వామిసంబంధము మాత్రమే తెలియును. స్వామి యగుటచేతనే యాతని యనుమతి యవసరము.

2024 నాఁటి తమిళచిత్రము “లాల్ సలాం” నందు ఎ. ఆర్. రహమానుగారు దివంగతులైన బంబా బాక్యా, షాహుల్ హమీదుల కంఠములను బునఃకల్పించి, కుటుంబముల యనుమతిఁ బొంది ధనము నిచ్చినట్లు ప్రకటించిరి. 2023 నాఁటి తెలుఁగుచిత్రము “కీడా కోలా” యందో, 2020లో దివంగతులైన శ్రీపతి పండితారాధ్యుల బాలసుబ్రహ్మణ్యముగారి కంఠము అనుమతి లేక కల్పింపఁబడినదని యారోపించుచు, వారి కుమారులు చరణుగారు 2024లో న్యాయవాదిచే నోటీసు పంపించిరి. రెండుచోట్లను వివాదమునకు మూలము కంఠము కాదు, అనుమతియే.

మూఁడవది నిర్మాణము. కొన్నిమాటలు వ్రాసి యిచ్చినంతనే యంత్రము సాహిత్యస్వరకంఠములతో సంపూర్ణగీతము నొసఁగును. ఇందుఁ బ్రయోజకుఁడు కలఁడు గాని, పాడు కర్త లేఁడు. యంత్రము నేర్చుకొనుటకుఁ గైకొన్న యసంఖ్యాకగీతముల స్వాములు పేరులేక యుందురు. ఇందువలననే 2024 జూనులో అమెరికాయందలి మహాధ్వనిముద్రణసంస్థలు సూనో, యూడియోలపై వ్యాజ్యములు వేసినవి. వానిలోఁ గొన్ని 2025లో రాజీతో ముగిసినవి.

భారతదేశపు 1957 నాఁటి కాపీరైటు చట్టమునకు 1994లో ప్రదర్శకుల హక్కు చేర్పఁబడినది. అది గాయకుఁడు పాడినదానిని రక్షించును; పాడని పాటయందు వినఁబడు కంఠమును స్పష్టముగాఁ బేర్కొనదు. ఆ లోపమును 2024 జూలైలో బొంబాయి ఉన్నతన్యాయస్థానము, గాయకుఁడు అరిజిత్ సింగు వ్యాజ్యమున, వ్యక్తిత్వహక్కు నాధారముగాఁ గొని మధ్యంతరోత్తర్వుచేఁ గొంత పూరించినది.

త్యాగరాజాదులు చరణమున ముద్ర నుంచి కర్తృత్వమును దెలిపిరి. యంత్రగీతములకును బాడినదెవరు, పాడించినదెవరు, కంఠమెవరిది యను మూఁడును బ్రకటించుట న్యాయము. లేనిచోఁ గుండయే వండెనని చెప్పి వంటవాని కూలి నెగఁగొట్టుట యగును.