అగ్నిపర్వతములు - సునామీలు

జావా, సుమత్రా ద్వీపముల నడుమ సుండా జలసంధి కలదు. అందలి క్రకటోవా అగ్నిపర్వతము 1883 ఆగస్టు 27న బ్రద్దలయ్యెను. 36,000 మందికి పైగా మరణించిరి. వారిలో అత్యధికులు 30 మీటర్ల వరకు లేచిన సముద్రపుటలలకే బలియైరి.

అగ్నిపర్వతమునకు, అలకు సంబంధమేమి? నీటితొట్టిలో ఇటుకను జారవిడిచినచో నీరు ప్రక్కకు నెట్టబడి అలగా లేచును. సముద్రమునందును ఇంతే. పేలుడు వలన వెలువడిన వేడి బూడిద, రాళ్లు ప్రవాహముగా కడలిలోనికి దూసుకొనిపోవచ్చును. కొండ ప్రక్కభాగము విరిగి నీటిలో కూలవచ్చును. శిఖరమే లోనికి క్రుంగవచ్చును. ఏ విధమున నైనను అపారమైన నీరు ఒక్కసారిగా స్థానము తప్పును. అట్లు పుట్టిన అలలే సునామీ. తీరము చేరుకొలది లోతు తగ్గి, అలల వేగము మందగించి, ఎత్తు పెరుగును.

1927లో మొదలైన విస్ఫోటనముల వలన అదే చోట 'అనక్ క్రకటోవా', అనగా 'క్రకటోవా బిడ్డ', పుట్టెను. 2018 డిసెంబరు 22 రాత్రి దాని నైరుతి పార్శ్వము కూలగా లేచిన సునామీకి 400 మందికి పైగా బలియైరి. పెద్ద భూకంపమేదియు రాలేదు. కావున భూకంపములను గుర్తించి హెచ్చరించు ఏర్పాటు ప్రజలను ముందుగా మేల్కొలుపలేకపోయెను. భూమి అదరకున్నను సముద్రము పొంగవచ్చును. అందుచే అగ్నిపర్వతములున్న తీరములందు కొండ కదలికలను, నీటిమట్టమును కూడ ఎడతెగక కనిపెట్టుచుండవలెను.