మనిషి మారాడా? మెదడుకు దెబ్బ తగిలిందా?

మీ ఇంట్లో తలకు దెబ్బ తగిలి కోలుకుంటున్నవారు ఉన్నారా? మాట బాగుంది, అందరినీ గుర్తుపడుతున్నారు, కానీ చేతిలో డబ్బు నిలవడం లేదు, ఎవరేమడిగినా సరే అంటున్నారు అని మీరు బాధపడుతున్నారా? అది మొండితనమని వెంటనే అనుకోకండి. కారణం మెదడులోనే ఉండవచ్చు.

నుదుటి వెనుక ఉండే మెదడు భాగాన్ని ఫ్రంటల్ లోబ్ అంటారు. ఈ పని చేస్తే రేపు ఏమవుతుందో ఆలోచించి, తొందరపాటును ఆపడంలో దీనిది ముఖ్యపాత్ర. మాట, జ్ఞాపకశక్తి చెడకుండానే ఇందులో కొంత భాగం దెబ్బతినవచ్చు.

1848లో అమెరికాలోని వెర్మాంట్‌లో రైలుమార్గం కోసం బండలు పేలుస్తుండగా, ఫినియస్ గేజ్ అనే మేస్త్రీ చెంపలో నుంచి ఇనుప కడ్డీ దూసుకుపోయి నడినెత్తిన బయటపడింది. అతడు బ్రతికాడు, నడిచాడు, మాట్లాడాడు. కానీ నిలకడ గల మనిషి కాస్తా చంచలుడయ్యాడని వైద్యం చేసిన డాక్టర్ హార్లో రాశారు.

1994లో అయోవా విశ్వవిద్యాలయ పరిశోధకులు బెషారా, డమాసియో మొదలైనవారు ఒక పేకాట పరీక్షను ప్రకటించారు. నాలుగు కట్టల్లో రెండింటికి పెద్ద లాభం, అంతకు మించిన నష్టం. మిగతా రెండింటికి చిన్న లాభం, చివరకు మిగులు. ఆరోగ్యవంతులు క్రమంగా మంచి కట్టలవైపు మళ్ళారు. తర్వాతి పరీక్షల్లో, చెడ్డ కట్టను ముట్టబోయే ముందే వారి చర్మానికి కొద్దిగా చెమట పట్టడం యంత్రాల్లో కనిపించింది. ఫ్రంటల్ లోబ్ కింది భాగం దెబ్బతిన్నవారికి ఈ హెచ్చరిక రాలేదు. కొందరు నష్టమని తెలిసి కూడా అవే ముక్కలు తీశారు.

కాబట్టి "తెలిసి కూడా ఎందుకు చేశావు?" అని కోప్పడితే ప్రయోజనం ఉండదు. మీరు చేయగలిగినవి ఇవి:

1. స్థలం అమ్మకం, అప్పు, హామీ సంతకం వంటివి డాక్టరుగారిని అడిగేవరకు వాయిదా వేయండి.

2. డాక్టరుగారి అనుమతి లేనిదే బండి తాళాలు ఇవ్వకండి.

3. భోజనం, స్నానం, నిద్ర రోజూ ఒకే వేళకు జరిగేలా చూడండి.

4. అన్నీ మీరే నిర్ణయించకండి. ఏ కూర, ఏ చొక్కా అని రెండింటిలో ఒకటి ఎంచుకోనివ్వండి.

5. తలనొప్పి పెరిగినా, వాంతులు, మగత, ప్రవర్తనలో హఠాత్తుగా మార్పు కనిపించినా వెంటనే ఆస్పత్రికి తీసుకురండి.

గేజ్ ఆ తర్వాత చిలీ దేశంలో కొన్నేళ్ళు గుర్రపుబండి తోలి బ్రతికాడు. ఒక క్రమానికి అలవాటుపడిన పని అతడికి మేలు చేసి ఉంటుందని కొందరు పరిశోధకుల అభిప్రాయం. కనుక ఆశ వదులుకోకండి.

చివరిగా ఒక మాట. డాక్టరు ముందు కూర్చున్న కొద్ది నిమిషాలు రోగి చక్కగా జవాబులు చెప్పవచ్చు. ఇంట్లో జరిగేది మీకే తెలుసు. తేదీతో సహా ఒక కాగితం మీద రాసి తీసుకురండి. వైద్యానికి అది ఎంతో సహాయం.